అడిగినప్పుడే లెక్కగట్టే జవాబు

కాకినాడ రేవులో ఈ క్షణాన నీటి లోతెంత? పటంలో రాసిన లోతుకు అప్పటి పోటు ఎత్తు కలిపితే జవాబు వస్తుంది. ఇక్కడి సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. పొద్దున్న రాసిపెట్టుకున్న లోతు మధ్యాహ్నానికి పనికిరాదు. మరి రేవును విలువలూ, వాటిపై చేసే పనులూ కలిసి ఉండే ఒక ఆబ్జెక్ట్‌గా రాసే ప్రోగ్రామర్ లోతును దాచి ఉంచాలా, అడిగినప్పుడల్లా లెక్కగట్టాలా? ఈ చిక్కు తీర్చేదే గెటర్: బయటివారు విలువ అడిగినప్పుడు జవాబిచ్చే, ఆబ్జెక్ట్ లోపలి చిన్న పని (మెథడ్).

ఆబ్జెక్టులు పుట్టింది నార్వేలో. 1967లో ఓస్లోలో డాల్, నిగార్డ్ అనే పరిశోధకులు రూపొందించిన సిములా భాషలో మొదట ఆబ్జెక్ట్ లోపలి విలువలన్నీ బయటివారికి తెరిచే ఉండేవి. లోపలి ఏర్పాటు మారిస్తే, వాటిని నేరుగా తాకిన ప్రోగ్రాములన్నీ దెబ్బతినేవి. మారే వీలున్న నిర్ణయాన్ని ఒకేచోట దాచాలని డేవిడ్ పార్నాస్ 1972లో వాదించారు. అదే దశాబ్దంలో అలన్ కే బృందం తెచ్చిన స్మాల్‌టాక్‌లో ఆబ్జెక్టును సందేశం పంపి అడగాల్సిందే, లోపల చెయ్యి పెట్టడానికి వీల్లేదు.

1980లలో ఐఫిల్ భాషను రూపొందించిన బెర్‌ట్రాండ్ మేయర్ ఇంకో అడుగు వేశారు: విలువ దాచిందైనా, లెక్కగట్టిందైనా అడిగే తీరు ఒకటే ఉండాలన్నారు. 1995లో వచ్చిన జావాలో ఆ సౌలభ్యం లేదు. అందుకే లోపలి విలువను ప్రైవేట్ చేసి, ‘గెట్’తో మొదలయ్యే మెథడ్ రాయడం ఆనవాయితీ అయింది. అదే ఏడాది డెల్ఫీ, తర్వాత సీ షార్ప్, విలువలా చదివితే వెనక మెథడ్ నడిచే ‘ప్రాపర్టీ’లను భాషలోనే చేర్చాయి. జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి గెటర్ 2009లో వచ్చింది. ఇలాంటి భాషల్లో ఇప్పుడు ‘రేవు.లోతు’ అని రాస్తే చాలు, వెనక పోటు లెక్క దానంతటదే జరిగిపోతుంది. రేపు ఆ లెక్క పద్ధతి మారినా, అడిగేవారి కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

ఈ సౌకర్యానికి తగిన క్రమశిక్షణ కూడా కావాలి. చూడటానికి విలువ చదివినట్టే ఉంటుంది కనుక గెటర్ దేన్నీ మార్చకూడదు, ఆలస్యమూ చేయకూడదు. ఓడల జాబితాను అడిగితే అసలు జాబితానే అందించకూడదు. అందుకున్నవారు అందులో ఒక ఓడను తీసేస్తే రేవు లెక్కే తప్పుతుంది. నకలు ఇవ్వడం క్షేమం.

ఆ రేవున్న కాకినాడలోని జేఎన్‌టీయూలో జావా పాఠ్యాంశం. అక్కడి విద్యార్థులకు నా మనవి ఒక్కటే: లోపల దాచిన ప్రతి విలువకూ అలవాటుగా గెటర్ రాయకండి. ఆ విలువ బయటివారికి నిజంగా అవసరమా అని ముందు అడగండి. అవసరం లేనిదాన్ని లోపలే ఉంచితే, రేపు దాన్ని నిశ్చింతగా మార్చుకునే స్వేచ్ఛ మీకు మిగులుతుంది.