లినక్సుకు సరిపడే కంప్యూటరు కొనడం ఎలా?

మన హాస్టళ్ల నుండి డిగ్రీకో, ఇంజనీరింగుకో వెళ్లిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ చేసి ముందుగా అడిగేది ఒకటే. "అన్నా, తక్కువలో మంచి లాప్‌టాప్ ఏదైనా చెప్పవా?" చేతిలో ఉండేది స్కాలర్‌షిప్ డబ్బో, ఇంట్లో పత్తి అమ్మి ఇచ్చినదో. ఒకసారి తప్పుగా కొంటే మళ్లీ కొనే స్తోమత మనకు లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరం గానీ ఆపైది గానీ కావాలి. అంతకుముందు తరాల లాప్‌టాప్‌లను చాలామంది పనికిరానివిగా చూస్తున్నారు. నిజానికి లినక్సు వేస్తే మన చదువుకు అవి చక్కగా సరిపోతాయి. లినక్సు ఉచితం, పైగా తెలుగులోనూ వాడుకోవచ్చు. హైదరాబాదులో 2005లో మొదలైన 'స్వేచ్ఛ' ఉద్యమం డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది.

అయితే ఒక చిక్కుంది. కంప్యూటరులోని ప్రతి చిప్‌ను నడపడానికి డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము కావాలి. లినక్సులో చాలా డ్రైవర్లు దాని కెర్నెల్‌లోనే ముందే ఉంటాయి. చిప్ తయారుచేసినవాళ్లు సహకరించినచోట ఏ ఇబ్బందీ ఉండదు. సహకరించనిచోట మనకు తిప్పలు.

నేను దెబ్బతిన్నది వైఫై దగ్గర. పాత లాప్‌టాప్ కొంటూ ర్యామ్ ఎంత, డిస్కు ఎంత అని అడిగానే గాని వైఫై చిప్ ఎవరిదని అడగలేదు. రూముకు వచ్చి లినక్సు ఎక్కిస్తే నెట్ రాలేదు. డ్రైవరు దించుకుందామంటే నెట్ కావాలి! రెండు రోజుల తర్వాత, ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపితే దాని నెట్ వాడుకోవచ్చని తెలిసి బయటపడ్డాను.

ఇంటెల్, ఎథిరోస్ వైఫై చిప్‌లతో సాధారణంగా గొడవ ఉండదు. బ్రాడ్‌కామ్‌లో కొన్నింటికి డ్రైవరు విడిగా వేసుకోవాలి. చవక యూఎస్‌బీ వైఫై ముక్కలతో ఇంకా జాగ్రత్త. పైన పేరు ఒకటే ఉన్నా లోపలి చిప్ మారిపోతుంటుంది. గ్రాఫిక్స్‌కు ఇంటెల్, ఏఎండీ నయం. ఎన్విడియా కార్డు పూర్తి వేగంతో నడవాలంటే ఆ కంపెనీ డ్రైవరు వేయాలి, పాత కార్డులకు కొత్త డ్రైవర్లు పనిచేయవు. ఆటల పిచ్చి లేకపోతే దాని జోలికి పోకండి. ప్రాసెసరు 64 బిట్‌ది ఉండాలి. 2025లో వచ్చిన డెబియన్ 13లో మామూలు 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరే లేదు. ర్యామ్ 4 జీబీతో నెట్టుకురావచ్చు, 8 ఉంటే హాయి. డబ్బులు కాస్త మిగిలితే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి.

జిరాక్సు షాపు పెట్టుకుందామనుకునేవాళ్లకు ఒక మాట. కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు 'క్యాప్ట్' అనే సొంత భాషలోనే మాట్లాడుతుంది, లినక్సులో దాన్ని నడపడం కష్టం. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి ఆ కంపెనీయే లినక్సు డ్రైవరు ఇచ్చింది.

ఇవన్నీ గుర్తుండకపోయినా ఫరవాలేదు. సంతలో ఎద్దును కొనేముందు మనవాళ్లు పళ్లు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. ఇక్కడా అంతే. లినక్సును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని కొట్టుకు తీసుకెళ్లండి. డిస్కులో ఏమీ వేయకుండానే పెన్‌డ్రైవ్ నుండి అది నడుస్తుంది. ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ, ఆ కంపెనీ పెట్టిన మరో మీట గానీ నొక్కితే దేని నుండి మొదలుపెట్టాలో అడుగుతుంది. మీ ఫోను హాట్‌స్పాట్‌కు వైఫై కలపండి. పాట పెట్టండి, కెమెరా తెరవండి, వెలుతురు తగ్గించి పెంచండి. మూత మూసి, ఒక నిమిషం ఆగి తెరవండి. చాలా లాప్‌టాప్‌లు తడబడేది ఇక్కడే.

పది నిమిషాల పని. డబ్బులు ఇచ్చేముందే చేయాలి. వద్దంటే పక్క కొట్టుకు వెళ్లండి. సికింద్రాబాదు సి.టి.సి.లో కొట్లకేం కొదవ లేదు.