తడి ఉన్నా తలవాల్చే టమాటా

మడిలో తడి ఆరలేదు. అయినా నిన్నటిదాకా పచ్చగా ఉన్న టమాటా మొక్క ఇవాళ తల వాల్చేస్తుంది. నీరు చాలలేదేమోనని రైతు మళ్లీ నీళ్లు కడతాడు. ఆ నీటితోపాటే తెగులు పక్క సాళ్లకు పాకుతుంది.

వేరు పీల్చిన నీరు కాండంలోని సన్నని గొట్టాల్లాంటి దారు నాళాల ద్వారా ఆకులకు చేరుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరవుతున్న కొద్దీ కింది నీరు పైకి లాగబడుతుంది. వేరు గాయాల గుండా చొరబడిన బాక్టీరియా ఈ నాళాల్లో పెరిగి, జిగురుతో వాటిని పూడ్చేస్తుంది. ఇదే బాక్టీరియా ఎండు తెగులు.

గుర్తించడం తేలిక. కాండం మొదలు కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో వేలాడదీస్తే, కొద్ది నిమిషాల్లో పాలవంటి తెల్లని ధార దిగుతుంది. అటువంటి మొక్కను మందు బతికించదు. పీకి కాల్చివేయాలి. ఆ మడి నీరు పక్క మడికి పారనివ్వరాదు. తర్వాతి పంటగా వంగ, మిరప వద్దు, మొక్కజొన్న మేలు.