వార్తల్లో పదం: రెండంచెల ధ్రువీకరణ

పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే, కొద్దిసేపే చెల్లే ఓటీపీనీ అడిగి, రెండూ సరిపోలినప్పుడే గేమ్ కన్సోల్ ఖాతాలోకి ప్రవేశం కల్పించే పద్ధతిని రెండంచెల ధ్రువీకరణ అంటారు. 2011 ఏప్రిల్‌లో చొరబాటుదారుల దాడితో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అనే ఆన్‌లైన్ గేమ్ సేవలోని సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు ప్రమాదంలో పడి, సేవ మూడు వారాలకు పైగా నిలిచిపోయినా, ఈ రక్షణ అక్కడ 2016లో గానీ అమలుకు రాలేదు. ఇంతటి జాప్యం సమర్థనీయం కాదు.

ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా సిమ్ మార్చిన ఇంట్లో ఓటీపీ పాత నంబరుకే వెళ్లి ప్రవేశం ఆగిపోతే, ముందే తీసిపెట్టుకున్న బ్యాకప్ కోడ్, అనగా ఒక్కసారి మాత్రమే పనిచేసే అత్యవసర సంకేతం, ఆదుకుంటుంది. 2025 ఫిబ్రవరిలో జరిగినట్లు ప్లేస్టేషన్ నెట్‌వర్కే స్తంభించినప్పుడు మాత్రం పాస్‌వర్డ్ మార్చడం వృథా ప్రయాస. బ్యాకప్ కోడ్‌లను కాగితంపై రాసి ఇంట్లో భద్రపరచుకోవాలి.