ఆరోగ్య బీమా: కార్డు ఒక్కటే చాలునా?

మా ఆసుపత్రిలో బిల్లు కట్టే కౌంటరు దగ్గర రోజూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఇది కార్డు మీద అవుతుందా అండీ?" గుండె ఆపరేషనైనా, మోకాలి నొప్పైనా, నెలకు సరిపడా షుగరు మాత్రలైనా ప్రశ్న మాత్రం అదే. జవాబు మాత్రం ఒక్కో జబ్బుకు ఒక్కో రకంగా ఉంటుంది. అలా ఎందుకు ఉంటుంది? జబ్బు ఖర్చులో ప్రభుత్వం ఎంత భరించాలి? మనం ఎంత భరించగలము? ఈ సంచికలో పాఠకులతో కలిసి ఈ విషయం ఆలోచించాలనుకున్నాము.

బీమా అంటే ఏమిటి?

సంఘంలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే తలా కొంత వేసి ఆదుకోవడం మన కుటుంబాలకు కొత్త కాదు. బీమా కూడా అలాంటిదే. కాకపోతే జబ్బు రాకముందే అందరూ తలా కొంత వేస్తారు. చీటీలో లాగా మన డబ్బు మనకు తిరిగి రాదు. ఆ ఏడు ఎవరికి ఆపద వస్తే వారికి ఉపయోగపడుతుంది.

చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, ఆరోగ్యంగా ఉన్న యువకులు "నాకెందుకులే" అని చేరరు. జబ్బున్నవారు, వయసు మళ్ళినవారు చేరతారు. దానితో ఖర్చు పెరిగి ప్రీమియం పెరుగుతుంది. ప్రీమియం పెరిగిన కొద్దీ ఇంకొందరు మానేస్తారు. చివరకు ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అందకుండా పోతుంది. ధనవంతులనూ పేదలనూ, చిన్నవారినీ పెద్దవారినీ ఒకే గొడుగు కిందకు తేగల శక్తి ప్రభుత్వానికి ఉంది. అందుకే జర్మనీ 1883లోనే కార్మికుల జబ్బు బీమాకు చట్టం చేసింది. బ్రిటన్ 1948లో ప్రధానంగా పన్నుల డబ్బుతో అందరికీ వైద్యం మొదలుపెట్టింది. మన దేశంలో కార్మికుల కోసం ఈ.ఎస్.ఐ. పథకం 1952లో వచ్చింది.

మన రాష్ట్రాల అనుభవం

2007కు ముందు గుండె ఆపరేషనుకు డబ్బు లేని కుటుంబం ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూసేది. లేదా పొలం అమ్ముకునేది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. పేద కుటుంబం ప్రీమియం కట్టనక్కరలేదు; ప్రభుత్వమే కడుతుంది. తరువాత పథకం రాష్ట్రమంతటికీ వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఏడాదికి ఒక్కో కుటుంబానికి పరిమితిని 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 25 లక్షలకు పెంచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి ఈ పథకం పేరు ఎన్.టి.ఆర్. వైద్యసేవ. కేంద్రం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్‌ను 5 లక్షల పరిమితితో తెచ్చింది. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు నిండిన వారికి ఆదాయంతో పని లేకుండా దానిని వర్తింపజేసింది.

ఈ పథకాల వలన ప్రాణాలు నిలిచిన కుటుంబాలు మన పాఠకులలోనే ఎన్నో ఉంటాయి. ఆ మేలును తక్కువ చేసి చెప్పకూడదు.

వాదం ఎక్కడ ఉంది?

కొందరు అంటారు: "ప్రభుత్వం డబ్బు కడితే చాలు. రోగి తనకు నచ్చిన ఆసుపత్రికి వెళతాడు. పెద్ద ఆపరేషన్లు చేసే వసతి ప్రతి ఊరి సర్కారు దవాఖానాలోనూ ఉండదు గదా!" ఇందులో నిజముంది.

మరికొందరు అంటారు: "ఆ డబ్బుతో ప్రభుత్వ ఆసుపత్రులనే బాగుచేస్తే అందరికీ ఎప్పటికీ ఉపయోగం. ప్రైవేటు ఆసుపత్రులకు కట్టుకుంటూ పోతే సర్కారు దవాఖానాలు అలాగే మిగిలిపోతాయి." ఇందులోనూ నిజముంది.

మేము చూస్తున్న సంగతి ఇది. కార్డు ముఖ్యంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సకు పనికివస్తుంది. కాని పేద ఇంటిని నెలనెలా కుంగదీసేవి మందులు, రక్త పరీక్షలు, బస్సు ఛార్జీలు, పోయిన కూలి. వీటికి చాలావరకు కార్డు లేదు. డబ్బు లేక బి.పి. మాత్రలు మానేసినవారికి కొన్నేళ్ళకు కిడ్నీలు దెబ్బతినవచ్చు. అప్పుడు వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు కార్డు పనికివస్తుంది! ముందే మాత్రలు అందితే ఆ మనిషీ బాగుండేవాడు, ప్రభుత్వానికీ ఖర్చు తగ్గేది.

దేశంలో వైద్యానికి అయ్యే ప్రతి 100 రూపాయలలో ప్రజలు జేబులో నుండి నేరుగా పెట్టుకున్నది 2013-14లో 64 రూపాయలు. 2021-22 నాటికి అది 39కి తగ్గింది. మంచి మార్పే. అయినా 39 రూపాయలంటే కూలి చేసుకునే ఇంటికి చిన్న మొత్తం కాదు. దేశ స్థూల ఉత్పత్తిలో ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు 2025 నాటికి రెండున్నర శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22లో అది 2 శాతం కూడా చేరలేదు.

మధ్యలో ఉన్నవారి మాట

రేషను కార్డు లేదు, ఉద్యోగ బీమా లేదు, ప్రైవేటు పాలసీ కొనే స్తోమత అంతకన్నా లేదు. చిన్న దుకాణదారులు, ప్రైవేటు బడి టీచర్లు ఎందరో ఇలా మధ్యలో ఉన్నారు. వీరికి ప్రభుత్వం చేయగలది నియంత్రణ. హైదరాబాదులో కార్యాలయమున్న బీమా నియంత్రణ సంస్థ, పాత జబ్బులకు ఎదురుచూడవలసిన గడువును 2024లో గరిష్ఠంగా 4 ఏళ్ళ నుండి 3 ఏళ్ళకు తగ్గించింది. 60 దాటినవారి ప్రీమియం తమ అనుమతి లేకుండా ఏడాదికి 10 శాతం మించి పెంచరాదని 2025 జనవరిలో కంపెనీలకు చెప్పింది. వ్యక్తులు, కుటుంబాలు సొంతంగా కొనే పాలసీల మీద ఉన్న 18 శాతం జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుండి తీసివేశారు. 10,000 రూపాయల ప్రీమియం మీద ఇది 1,800 రూపాయల పన్ను. అయినా వయసు మీదపడిన వారికి అసలు ప్రీమియమే బరువు.

మా అభిప్రాయం

ప్రభుత్వం తప్పుకుంటే పేదవాడు మళ్ళీ పొలం అమ్ముకోవలసిందే. కనుక ప్రభుత్వం ఉండాలి. అయితే కార్డు ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, బి.పి., షుగరు మందులు ప్రతి నెలా తప్పకుండా ఉండాలి. ఆసుపత్రులకు కట్టవలసిన డబ్బు సకాలంలో కట్టాలి. 2025లో బకాయిల వలన రెండు రాష్ట్రాలలోనూ ప్రైవేటు ఆసుపత్రులు పథకం సేవలు ఆపినప్పుడు ఇబ్బంది పడినది రోగులే. ఓటు అడగడానికి వచ్చినవారిని "పరిమితి ఎన్ని లక్షలు?" అని మాత్రమే కాక, "మా ఊరి కేంద్రంలో మందులు ఉన్నాయా?" అని కూడా అడుగుదాము.

మీరు ఇప్పుడే చేయవలసినవి

1. కార్డులో ఇంట్లో అందరి పేర్లు, ఆధార్ వివరాలు సరిగా ఉన్నాయో లేదో జబ్బు రాకముందే చూసుకోండి.

2. ఇంట్లో 70 నిండిన పెద్దలుంటే ఆయుష్మాన్ కార్డుకు నమోదు చేయించండి.

3. ఆసుపత్రిలో చేరే ముందు ఆ చికిత్స పథకంలో ఉందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

4. ప్రైవేటు పాలసీ కొనేటప్పుడు ఉన్న జబ్బులు దాచకండి. దాచితే క్లెయిము తిరస్కరించవచ్చు. గది అద్దెకు పరిమితి ఎంతో, బిల్లులో మీ వాటా ఎంతో చదివించుకుని సంతకం చేయండి.

5. డబ్బు లేదని బి.పి., షుగరు మాత్రలు మానకండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా అడగండి. జన ఔషధి దుకాణాలలో ఇవి తక్కువ ధరకు దొరుకుతాయి.

సందేహముంటే మా కౌంటరు దగ్గర మొహమాటపడకుండా అడగండి. ఆపరేషను ముందు రోజు కంటే, ఆరోగ్యంగా ఉన్న రోజున అడగడమే మేలు.