ఓడలో చదువదగిన పుస్తకములు

విహారనౌకలలో ప్రయాణము చేయుట నేడు మనవారికిని కొంత అలవాటగుచున్నది. బొంబాయినుండి లక్షద్వీపములకు, సింగపూరునుండి పినాంగునకు పోయి వచ్చినవారు ఇప్పుడు మన పట్టణములలో అరుదు కారు. 2022లో విశాఖపట్టణపు రేవునుండియే ఒక విహారనౌక పుదుచ్చేరి, చెన్నపట్టణములకు నడచినది. ఇట్టి ప్రయాణమునకు నెల దినములు ముందుగానే బట్టలు, మందులు, ఊరగాయలు సిద్ధమగును. పుస్తకము మాట మాత్రము కడపట, ఏ విమానాశ్రయములోనో జ్ఞాపకము వచ్చును. అక్కడి అంగడిలో కంటికి నదురుగా కనిపించినదేదో ఒకటి కొని సంచిలో వేసికొందురు. అది రెండవనాటికే ముగిసిపోవును. లేదా ఇరువది పుటలు దాటకమునుపే దిండు క్రిందికి చేరును.

ఓడలో పుస్తకము పొద్దుపోకకే గదా యని మీరనవచ్చును. పొద్దుపోకకు ఓడలో కొదువ లేదు. ఆటలు, పాటలు, సినిమాలు, వేళకు మించిన భోజనములు కావలసినన్ని కలవు. మేము చెప్పదలచినది వేరు. విహారనౌక సాధారణముగా ఉదయము ఒక రేవు చేరి సాయంకాలమునకు కదలిపోవును. ఎనిమిది పది గంటలలో మనమొక దేశమును చూడవలెను. అంత స్వల్పకాలములో మన కన్నులు తమంత తాము కనుగొనునది తక్కువ. ముందు చదివినదానినే అవి వెదకి చూచును. కావున రేవునకు రేవునకు నడుమ మన చేత ఏ పుస్తకమున్నదను సంగతి అల్పమైనది కాదు. చరిత్రలో దీనికి రెండు పెద్ద నిదర్శనములు కలవు. అవి ఒకదానికొకటి ఎదురైనవి కూడ.

మొదటిది డార్విను ప్రయాణము. 1831 డిసెంబరు 27వ తేదీన బీగిల్ అను నౌక ఇంగ్లండునుండి బయలుదేరినది. అది యుద్ధనౌకల తరగతికి చెందిన చిన్న ఓడ. అయినను దానిలో సుమారు నాలుగువందల సంపుటములతో గ్రంథాలయముండెను. ఆ పుస్తకములున్న గదిలోనే డార్విను పండుకొనెడివాడు, అక్కడనే పనిచేసెడివాడు. ఓడ కదలకమునుపే కప్తాను ఫిట్జ్‌రాయ్ అతనికి లయల్ రచించిన భూగర్భశాస్త్ర గ్రంథపు మొదటి సంపుటమును కానుకగా నిచ్చెను. కేంబ్రిడ్జిలో డార్వినుకు గురువైన హెన్‌స్లో ఆ పుస్తకమును చదువుమనియే చెప్పెను గాని, అందలి సిద్ధాంతములను మాత్రము అంగీకరింపవద్దని హెచ్చరించెను. గురువుగారి సలహాలో మొదటి సగమునే శిష్యుడు పాటించినట్లున్నది. 1832 జనవరిలో ఓడ మొట్టమొదట కేప్ వర్డి దీవులలోని సెంట్ జాగో చేరెను. అక్కడి కొండచరియలో, సముద్రమట్టమునకు చాల ఎత్తున, గవ్వలతోను పగడపు ముక్కలతోను నిండిన తెల్లని పొర యొకటి చారవలె సాగియుండెను. దానిపై లావా ఘనీభవించియుండెను. సాధారణ ప్రయాణికునకు అది రాతిమీది గీత మాత్రమే. లయల్‌ను చదివి దిగిన ఆ ఇరువదిరెండేండ్ల యువకునకు మాత్రము సముద్రగర్భము మెల్లమెల్లగా పైకి లేచిన కథ ఆ గీతలో కనబడెను. లయల్ పద్ధతి యెంత మేలైనదో తనకు మొదట తెలిసినది అక్కడనే యని అతడు పిమ్మట వ్రాసికొనెను. రెండవ సంపుటము అతనికి ఆ సంవత్సరము నవంబరులో, మాంటివిడియో రేవులో నుండగా అందెను.

రెండవ నిదర్శనము మన తీరమునకే సంబంధించినది. 1834లో మెకాలే, గవర్నరు జనరలు కౌన్సిలులో సభ్యుడుగా, ఏషియా అను ఓడలో ఇంగ్లండునుండి బయలుదేరి జూన్ మాసమున చెన్నపట్టణమున దిగెను. నాలుగు నెలల ప్రయాణములో అతడు చదివిన చదువు ఇంతింత యని చెప్పరానిది. హోమరు, వర్జిలు, హోరేసు, డాంటే, డాన్ క్విక్సోటు, గిబ్బను వ్రాసిన రోము చరిత్ర, వోల్టేరు సంపుటములు డెబ్బది. ఈ పట్టికను అతడే ఒక లేఖలో స్నేహితునకు వ్రాసెను. ఓడలో ఇంత చదివినవాడు మరియొకడున్నాడో లేడో గాని, చదువరి యనిన మెకాలేనే యనుటలో మాకు సందేహము లేదు. అయితే ఆ పట్టికలో తాను పోవుచున్న దేశమునకు సంబంధించిన పుస్తకము ఒక్కటియే కలదు. అది జేమ్స్ మిల్ 1817లో ప్రకటించిన హిందూదేశ చరిత్ర. మిల్ ఈ దేశమున అడుగుపెట్టినవాడు కాడు. ఇక్కడి భాషలు నేర్చినవాడును కాడు. అది లోపము కాదు, గుణమే యని పీఠికలో వాదించిన మహానుభావుడు! ఈ దేశీయుడు వ్రాసిన పుస్తకమొక్కటియు మెకాలే పెట్టెలో నున్నట్లు ఆ పట్టికవలన తెలియదు.

చెన్నపట్టణమునుండి అతడు బోయీలు మోసిన పల్లకీలో నీలగిరులకు పోయెను. దారిలో ఊళ్ళు, గుళ్ళు, పొలములు, మనుష్యులు, అన్నియు కన్నుల యెదుటనే నడచినవి. తరువాత ఎనిమిది నెలలు నిండకమునుపే, 1835 ఫిబ్రవరి 2వ తేదీన, విద్యావిధానమునుగూర్చి అతడు వ్రాసిన ప్రసిద్ధ నివేదిక వెలువడెను. తనకు సంస్కృతము రాదు, అరబ్బీ రాదు అని అందులో అతడే యొప్పుకొనెను. ఆ భాషల వాఙ్మయము మొత్తము ఐరోపా గ్రంథాలయములోని ఒక్క బీరువా అరకు సాటిరాదను అభిప్రాయమును ఆ నివేదికలోనే ప్రకటించెను. ఒక్క పుస్తకమువలననే ఇంత జరిగెనని మేమనము. అధికారము, కాలము, అతని చుట్టునున్నవారి తలపులు కూడ కారణములే. కాని నాలుగు నెలల అఖండమైన తీరిక చేతనున్నప్పుడు, ఆ దేశపువారి మాట ఒక్కటియైనను వినవలెనని అతనికి తోచకపోవుట గమనింపదగినది.

మనము గవర్నరులము కాము, శాసనములు చేయబోము. అయినను నేటి ప్రయాణికుడు తిరిగి వచ్చి పదిమందికి చెప్పును, చిత్రములు చూపును. ఆ దేశమిట్టిది, ఆ జనులిట్టివారని తీర్పు చెప్పును. ఆ తీర్పు వినువారు దానిని నమ్ముదురు.

ఒక్క మారిషస్‌నే తీసికొందము. హిందూమహాసముద్రములో తిరుగు విహారనౌకలు పోర్ట్ లూయీ రేవున ఆగును. ప్రయాణికులు ఇసుకతిన్నెలు చూచి, బట్టలు కొని, ఓడకు మరలుదురు. ఆ పట్టణములోనే ఆప్రవాసీ ఘాట్ అను చోటు కలదు. చూచుటకు కొన్ని రాతిగోడలు, పదునారు మెట్లు మాత్రమే. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. 1834 మొదలు 1920 వరకు చెరకుతోటలలో కూలికై ఒప్పందముమీద వచ్చినవారు దాదాపు అయిదు లక్షలమంది. వారిలో మన తెలుగువారును ఉండిరి. కోరంగి రేవు పేరుమీదుగా వారిని అక్కడ కోరంగీలని పిలిచెడివారు. వారి సంతతివారు 1947లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. అభిమన్యు అనత్ మారిషస్‌లోనే పుట్టి పెరిగినవాడు. చెరకుతోటల కూలీల బ్రతుకును అతడు 1977లో హిందీలో ‘లాల్ పసీనా’ నవలగా వ్రాసెను. అమితవ్ ఘోష్ 2008లో ప్రకటించిన ‘సీ ఆఫ్ పాపీస్’ అట్టి కూలీలను మోసికొనిపోయిన ఓడ కథ. ఈ రెండింటిలో ఒక్కటి చదివి దిగినను ఆ మెట్లయొద్ద మనము నిలుచు తీరు వేరుగా నుండును. రెండింటిలో మాకు అనత్ నవలయే ఎక్కువ ఇష్టము. ఘోష్ కథనము రసవత్తరమైనది, ఓడలో చదువుటకు అనువైనది. కాని తోటలోని నేల వాసన అనత్‌దే.

దగ్గర ప్రయాణమునకును ఇదే మాట. విశాఖపట్టణమునుండి అండమానులకు అప్పుడప్పుడు ప్రయాణికుల ఓడ పోవును. అది విహారనౌక కాదు, అంత సౌఖ్యమును ఉండదు. రెండు మూడు దినములు నీటిమీద గడపవలెను. పోర్ట్ బ్లెయర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. అక్కడి సెల్యులర్ జైలునుగూర్చి చదువని వారుండరు. బారీంద్రకుమార ఘోషు, ఉపేంద్రనాథ బంద్యోపాధ్యాయుడు తమ ప్రవాసమునుగూర్చి వ్రాసిన పుస్తకములు ఈనాటికిని కదిలించును. కాని జైలు పుస్తకములే చదివినవారికి ఆ దీవులు ఒక జైలుగానే కనబడును. ఆ అడవులకు ఆ జైలుకంటె వేలయేండ్లు ముందునుండి ఉన్న మనుష్యులు కలరు. వారినిగూర్చిన ఊహయే వీరికి రాదు. మధుశ్రీ ముఖర్జీ 2003లో ప్రకటించిన ‘ది లాండ్ ఆఫ్ నేకెడ్ పీపుల్’ ఆ లోటును కొంత తీర్చును. ఆ అడవిజనులు తాము వ్రాసిన పుస్తకము లేదు గనుక, వారియెడ మర్యాదతో మెలగి వ్రాసినవారినే ఆశ్రయింపవలసియున్నది. ఈ కారణముచేత మేము ఒక రేవునకు రెండు పుస్తకములు తగునందుము: ఒకటి వెలుపలివాడు చూచి వ్రాసినది, రెండవది లోపలివాడు బ్రదికి వ్రాసినది. ఒకదానికే సమయమున్నచో రెండవదే తీసికొనవలెను.

అట్టి పుస్తకములు దొరకుట కష్టమని విడువరాదు. ఇతర భారతీయ భాషల గ్రంథములకు సాహిత్య అకాడమీవారి, నేషనల్ బుక్ ట్రస్టువారి అనువాదములు కలవు. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము, వేటపాలెపు సారస్వత నికేతనము, హైదరాబాదులోని కేంద్ర గ్రంథాలయము వంటి చోట్ల పాత యాత్రాగ్రంథములు వెదకి చూడవచ్చును. పుస్తకము చేతికి వచ్చినప్పుడు దాని చివరనున్న పదసూచికను ఒకసారి తిరుగవేయుడు. అందులో ఆ దేశపువారి పేర్లు ఎన్ని, వచ్చి పోయిన దొరల పేర్లు ఎన్ని అని చూచినచో గ్రంథకర్త ఎవరితో మాటలాడి వ్రాసెనో తెలిసిపోవును.

ఓడలోని గ్రంథాలయమును నమ్ముకొనవచ్చునా యని కొందరడుగుదురు. అది ఓడనుబట్టి యుండును. 2004లో సముద్రప్రవేశము చేసిన క్వీన్ మేరీ 2 నౌకలో సుమారు ఎనిమిదివేల పుస్తకములు, వాటికొక గ్రంథపాలకుడు, ఎదురుగా సముద్రము కనబడు కిటికీలు కలవు. సౌతాంప్టన్‌నుండి న్యూయార్కునకు ఏడు రాత్రుల ప్రయాణము గనుక అక్కడ చదువరులకు పండుగయే. కొన్ని క్రొత్త నౌకలలోనో, గ్రంథాలయము కుదించుకుపోయి ఒక్క అలమరగా మిగిలినది. ప్రయాణికులు తాము చదివినది అందులో ఉంచి మరియొకటి తీసికొనిపోవుదురు. అందులో సాధారణముగా అపరాధపరిశోధక నవలలే దొరకును. తెలుగు పుస్తకము దొరకునని ఆశించి ఓడ నెక్కరాదు. అయినను మొదటినాడే ఆ అలమర చూచి రావలెను. మంచివి త్వరగా మాయమగును. చలిదినములలో గ్రంథాలయమున చోటు దొరకుటయు దుర్లభమే. టైటానిక్ మునిగిన ఆదివారము మధ్యాహ్నము పైతట్టున చలి హెచ్చుగా నున్నందున రెండవ తరగతి గ్రంథాలయము జనముతో నిండియుండెనని, ప్రాణములతో బయటపడిన లారెన్స్ బీస్లీ అను ఉపాధ్యాయుడు వ్రాసెను. ఆ రాత్రి ఓడ మంచుకొండను తాకినప్పుడును అతడు పడకమీద పుస్తకము చదువుచునే యుండెనట.

ఈ-పుస్తకములు బరువు లేనివి. వాటిని మేము కాదనము. కాని సముద్రముమధ్య ఇంటర్నెట్టు ఉపగ్రహములద్వారా రావలెను గనుక తరచుగా వెల హెచ్చు, వేగము తక్కువ. కావలసినవి ఇంటియొద్దనే దింపుకొని, ఒకసారి తెరచి చూచికొనుట మంచిది. పాత తెలుగు గ్రంథముల ఛాయాప్రతులు చిన్నతెరమీద చదువుట కన్నులకు శిక్ష. అట్టివానికి పెద్దతెర గల పరికరముండవలెను.

ఇక కడుపులో త్రిప్పుట. పుటమీద నిలిచిన కన్ను కదలిక లేదని చెప్పును. లోచెవి ఉన్నదని చెప్పును. ఈ తగవువలన వికారము పుట్టును. డార్విను అయిదేండ్లును దీనితో బాధపడెను. పండుకొనుట యొక్కటియే అతనికి ఉపశమనము. ఓడ నడిమిభాగమున, క్రిందితట్టున ఊపు తక్కువ. అక్కడ కూర్చుండి, పెద్ద అక్షరముల పుస్తకమును పావుగంట చదివి, లేచి పైకి పోయి దిగంతరేఖను కొంతసేపు చూచి మరల చదువుడు. కెరటములు హెచ్చుగానున్న దినమున లావుపాటి నవలకంటె చిన్నకథలో, పద్యములో మేలు.

మనకు వారము దినముల విహారమైన ఓడ, అందు పనిచేయువారికి నెలల తరబడి ఇల్లు. 1919లో ఇంగ్లండులో ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జి నావికుల విద్యాసేవాసంఘమును స్థాపించి, సరకుల ఓడలకు పుస్తకముల పెట్టెలు పంపు ఏర్పాటు చేసెను. ఓడ తిరిగి వచ్చినప్పుడు పెట్టె మార్చెడివారు. నేడు ఓడలలో పనిచేయువారిలో మన శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల యువకులును కలరు. ప్రయాణికుల అలమరయొద్దకు వచ్చి పుస్తకము తీసికొను వీలు వారికి తరచుగా నుండదు. దిగిపోవునాడు, మీరు చదివి ముగించిన తెలుగు పుస్తకమును అలమరలో వదలుటకంటె, మీ గది చక్కబెట్టిన అబ్బాయిని పిలిచి, ఓడలో తెలుగువారెవరైన ఉన్నారా యని అడిగి, వారికి చేర్చుమని ఇచ్చివేయుడు.