ఈడు పిలుపు మెదడుదే!

మా పాపకు ఏడేళ్లే. స్నానం చేయిస్తుంటే ఛాతీ దగ్గర గట్టిగా చేతికి తగిలింది. గుండె ఝల్లుమంది. "అంతా ఆ బ్రాయిలర్ కోళ్ల పుణ్యమే!" అన్నారు మా అత్తగారు. నేనేమో అజినమోటో వేసిన నూడుల్స్ పెట్టానని నన్ను నేనే తిట్టుకున్నాను.

పిల్లల హార్మోన్ల డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. ఈడేరడానికి తొలి పిలుపు మెదడులోని హైపోథాలమస్ నుంచి వస్తుందట. అక్కడి కణాలను 'గాబా' అనే రసాయనం చిన్నతనమంతా జోకొడుతుంది. సమయం వచ్చాక గ్లుటామేట్ అనే అమైనో ఆమ్లం తట్టి లేపుతుంది. 1989లో అమెరికాలో, ఇంకా ఈడు రాని మగకోతులకు గ్లుటామేట్‌లా పనిచేసే మందును పదేపదే ఇస్తే, వాటిలో ఈడు హార్మోన్లు ముందే విడుదలయ్యాయి. అంటే అన్నీ సిద్ధంగానే ఉంటాయి, పిలుపు రావడమే ఆలస్యం!

"మరి అజినమోటో?" అన్నాను భయంగా.

"తిండిలోని గ్లుటామేట్ మెదడులోకి అంత తేలిగ్గా చేరదమ్మా" అన్నారామె నవ్వుతూ.

పాపకు పిలుపు తొందరగానే వచ్చిందని పరీక్షల్లో తేలింది. దాన్ని కొన్నాళ్లు ఆపడానికి నెలకో ఇంజెక్షన్ ఇస్తున్నారు. మీ పాపకూ ఎనిమిదేళ్లలోపే ఇలాంటి మార్పు కనిపిస్తే వంటింటిని తిట్టుకుంటూ కూర్చోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి.