గేరు బిగుసుకున్న ట్రాక్టరు: తొలి పరీక్ష క్లచ్‌కే

దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు గేరు పడక మొరాయిస్తే నాట్లు వెనుకబడతాయి. ఆ తొందరలో గేర్‌బాక్సు విప్పించే ముందు లోపం ఎక్కడున్నదో నిర్ధారించుకోవాలి. ఇందుకు పరికరాలేవీ అక్కరలేదు.

చదునైన నేలపై బ్రేకు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, మొదట ఇంజను ఆపి, తరువాత నడుస్తుండగా గేర్లు మార్చి చూడాలి. ఆపినపుడు సులువుగా పడి, నడుస్తున్నపుడు కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని గ్రహించాలి. పెడల్ ఖాళీ కదలిక ఎక్కువైతే ఇలా జరుగుతుంది. తక్కువైతే క్లచ్ జారి ప్లేటు అరుగుతుంది. కనుక తయారీదారు పుస్తకంలోని కొలత ప్రకారమే సరిచేయాలి.

ఇంజను ఆపినా గేర్లన్నీ బిగువుగానే ఉంటే లివరు కీళ్లలో తుప్పు, గేరు నూనె మట్టం పరిశీలించాలి. నూనె పాలవలె తెల్లబడితే నీరు చేరినట్లే. అది వచ్చిన దారి మూసి, నూనె మార్చాలి. ఇవన్నీ సరిగా ఉన్నపుడే గేర్‌బాక్సు విప్పాలి.

సింక్రోమెష్ లేని ట్రాక్టర్లలో బండి పూర్తిగా ఆగిన తరువాతే గేరు మార్చాలి. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పరీక్షను దమ్ము మొదలుకాకముందే రైతుల ఎదుట చేసి చూపితే అనవసరపు ఖర్చు, అదను తప్పడం రెండూ తప్పుతాయి.